టెన్షనర్ మార్చే ముందు ప్లంజర్ కొలవండి: పాత బండి పని డైరీ

శనివారం సాయంత్రం: శబ్దం ఎక్కడిది?

బండి పాతది. ఎయిర్ కూల్డ్ ఇంజన్, ఒకటే సిలిండర్, రెండు వాల్వులు, హెడ్‌లో ఒక క్యామ్ షాఫ్ట్, కార్బరేటర్. ఇలాంటి ఇంజన్లు ఎన్నో కంపెనీలు చేశాయి కాబట్టి పేరుతో పెద్ద పనిలేదు. కొంతకాలంగా పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ ఎడమ పక్క నుంచి గరగరమని శబ్దం వస్తోంది. మొదట్లో వేడెక్కాక పోయేది. ఇప్పుడు వేడెక్కినా ఐడ్లింగ్‌లో వినిపిస్తూనే ఉంది. కాస్త యాక్సిలరేటర్ ఇస్తే మాయమవుతుంది. వదిలేయగానే, ఆర్‌పీఎం దిగుతుండగా, మళ్లీ గరగర.

ఈ లక్షణాలు చెబితే ఎవరైనా టైమింగ్ చైన్ అంటారు, అంటే కింద క్రాంక్ నుంచి పైనున్న క్యామ్‌ను తిప్పే క్యామ్ చైన్. ఆ వెంటనే, ఆ చైన్ వదులు కాకుండా పట్టే టెన్షనర్ మార్చేయమంటారు. మార్చాల్సి రావచ్చు, కాదనను. కానీ దాన్ని విప్పినప్పుడు ప్లంజర్ (చైన్ వైపు తోసుకొచ్చే కడ్డీ) ఎంత బయటికి వచ్చి ఉందో చూస్తే చైన్ ఎంత సాగిందో తెలుస్తుంది. ఆ కొలత తీసుకోకుండా కొత్తది బిగిస్తే, శబ్దం తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, తగ్గకపోతే తర్వాత ఏం విప్పాలో అంతకన్నా తెలియదు. ఈ డైరీ రాయడానికి కారణం ఆ కొలతే.

విప్పే ముందు వేరే దొంగలెవరైనా ఉన్నారేమో చూడాలి. మొదట ఆయిల్. లెవెల్ సరిగానే ఉంది, మార్చి ఎక్కువ కాలం కాలేదు. తర్వాత ఐడ్లింగ్. మాన్యువల్ 1400 ఆర్‌పీఎం అంటే నా బండి 1100 దగ్గర ఆడుతోంది. ఐడ్లింగ్ తక్కువైతే మంచి చైన్ కూడా కొట్టుకుంటుంది. సింగిల్ సిలిండర్ ఇంజన్‌లో క్రాంక్ సమానమైన వేగంతో తిరగదు. కంప్రెషన్‌లో తడబడుతుంది, పవర్ స్ట్రోక్‌లో ఒక్కసారిగా ఉరుకుతుంది. పైన వాల్వు స్ప్రింగులు కూడా క్యామ్‌ను ఒకసారి ఆపుతాయి, క్యామ్ ముక్కు దాటాక అవే ముందుకు నెడతాయి. ఈ రెండు కుదుపుల మధ్య చైన్ ఊగుతుంది. వేగం పెరిగితే ఫ్లైవీల్ ఊపు వీటిని మింగేస్తుంది. ఐడ్లింగ్ స్క్రూ తిప్పి 1400కి తెచ్చాను. శబ్దం తగ్గింది గానీ పోలేదు.

క్లచ్ లివర్ నొక్కి చూశాను, తేడా లేదు. క్లచ్ డబ్బా వదులైతే లివర్ నొక్కగానే శబ్దం మారుతుంది కాబట్టి అది కాదు. పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకోవడం) అయితే చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక తక్కువ. నా బండిలో ఇప్పుడు వేడికి తగ్గడం లేదు. టాపెట్ శబ్దం, అంటే వాల్వును నొక్కే చోట ఉండే గ్యాప్ వల్ల వచ్చేది, గరగర కాదు, టిక్ టిక్ మని లెక్కగా వస్తుంది. క్యామ్ తిరిగే వేగం క్రాంక్‌లో సగమే కాబట్టి ఆ టిక్కు కూడా సగం వేగంతోనే ఉంటుంది. అయినా ఇంజన్ చల్లారాక గ్యాప్ చూసుకున్నాను. ఇన్‌టేక్ సరిగా ఉంది, ఎగ్జాస్ట్ కొంచెం వదులు. 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ పెట్టి సరిచేశాను. ఈ అంకె నా మాన్యువల్‌ది. ప్రతి ఇంజన్‌కూ వేరే ఉంటుంది.

చివరికి పొడవాటి స్క్రూ డ్రైవర్ మొన ఇంజన్ మీద, పిడి చెవి దగ్గర. హెడ్ మీద పెడితే టాపెట్ల చప్పుడు. క్రాంక్ కేస్ మీద పెడితే మామూలు గుమగుమ. సిలిండర్ ఎడమ పక్క, వెనక వైపు, మధ్య ఎత్తులో పెడితే గరగర నేరుగా చెవిలోకి వచ్చింది. టెన్షనర్ సరిగ్గా అక్కడే ఉంది.

ఆదివారం పొద్దున: విప్పే ముందు కాస్త ఆలోచన

కార్బరేటర్ తీస్తే గానీ టెన్షనర్‌కు చెయ్యి పట్టదు. ఇంత ఇరుకులో ఎందుకు పెట్టారని తిట్టుకునే వాళ్లను చూశాను. దానికి కారణం ఉంది. క్రాంక్ చక్రాల దిశలోనే తిరిగే ఇంజన్‌లో క్రాంక్ స్ప్రాకెట్ చైన్‌ను సిలిండర్ ముందు వైపు నుంచి కిందికి లాగుతుంది. అంటే ముందు వైపు చైన్ ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది, వదులు మొత్తం వెనక వైపు పోగవుతుంది. ముందు వైపు కదలని గైడ్ చాలు. వెనక వైపు మాత్రం వంగే బ్లేడు కావాలి, దాన్ని వెనక నుంచి నెట్టే ప్లంజర్ కావాలి. సిలిండర్ వెనక ఉండేది కార్బరేటరే కదా, అందుకే టెన్షనర్ దాని కిందికి చేరింది.

ఇంజన్‌ను వెనక్కి తిప్పొద్దని మాన్యువళ్లు చెప్పేది కూడా ఇందుకే. వెనక్కి తిప్పితే లాగుడు వెనక వైపుకు మారుతుంది. చైన్ బిగుసుకుని బ్లేడును, దాని వెనక ఉన్న ప్లంజర్‌ను వెనక్కి తోస్తుంది. ప్లంజర్‌ను ఆపే పళ్లు అప్పటికే అరిగి ఉంటే అది జారుతుంది. ముందు వైపు వదులై చైన్ ఒక పన్ను దాటినా దాటవచ్చు.

ఒక పన్ను అంటే ఎంత? నా ఇంజన్‌లో క్రాంక్ స్ప్రాకెట్‌కు 17 పళ్లు, క్యామ్ స్ప్రాకెట్‌కు 34. 360ని 34తో భాగిస్తే క్యామ్ దగ్గర 10.6 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో దాదాపు 21 డిగ్రీలు. అంత తేడాతో బండి స్టార్ట్ అయినా లాగదు. రెండు మూడు పళ్లు దాటితే చాలా ఇంజన్లలో వాల్వు వెళ్లి పిస్టన్‌కు కొట్టుకుంటుంది. గరగర శబ్దాన్ని ఏళ్ల తరబడి భరించేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

టెన్షనర్లలో రకాలున్నాయి. వాటిని విప్పే పద్ధతులు వేరు కాబట్టి మీది ఏదో ముందే తెలుసుకోవాలి. బాగా పాత బండ్లలో, ఉదాహరణకు 1969లో వచ్చిన హోండా సీబీ750లో, లాక్ వదిలితే లోపలి స్ప్రింగు వదులును లాగేసుకుంటుంది, మళ్లీ లాక్ బిగించాలి. అంటే అప్పుడప్పుడూ మనమే చేయాల్సిన పని. సిలిండర్ ముందుకు పడుకున్నట్టుండే చిన్న హోండా ఇంజన్లలో కింది బోల్టు విప్పితే స్ప్రింగు, పుష్ రాడ్ ఇంజన్ అడుగు నుంచి దిగుతాయి. మెలి స్ప్రింగుతో మర తిరిగి బయటికి వచ్చే రకం ఉంది. వెనక చిన్న బోల్టు తీసి, సన్నని స్క్రూ డ్రైవర్‌తో తిప్పి ప్లంజర్‌ను లోపలికి లాగి, అలాగే పట్టుకుని బయటికి తీయాలి. ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేవి ఇంకో రకం. అవి స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, ప్రెషర్ వచ్చే దాకా, కాస్త గరగరలాడటం మామూలే. క్యామ్ కిందే ఉండి పొడవాటి కడ్డీలతో వాల్వులు తెరిచే పుష్‌రాడ్ ఇంజన్ల వాళ్లలో చాలామందికి మాత్రం హెడ్ దాకా ఎక్కే ఈ చైన్ గొడవే లేదు. 1958లో వచ్చిన మొదటి సూపర్ కబ్ కూడా పుష్‌రాడ్ బండే.

నాది రాచెట్ రకం. ప్లంజర్ ఒక పక్కన రంపం పళ్లు, వాటి మీద ఒక చిన్న కొక్కెం, ప్లంజర్ వెనక స్ప్రింగు. ప్లాస్టిక్ కేబుల్ టై లాగే ముందుకు మాత్రమే జరుగుతుంది, వెనక్కి రాదు. రాకూడదు, అనాలేమో.

ఆదివారం మధ్యాహ్నం: విప్పడం

ముందు కడగడం. సిలిండర్ వెనక ఏళ్ల నాటి ఆయిల్, దుమ్ము కలిసి గట్టిపడి ఉంది. బోల్టు తీశాక ఆ పెచ్చు లోపల పడితే నేరుగా క్రాంక్ కేస్‌లోకి పోతుంది. డీజిల్, బ్రష్షుతో శుభ్రం చేసి ఆరనిచ్చాను. కార్బరేటర్ క్లాంపులు వదులు చేసి, రబ్బరు ఇన్సులేటర్ పగలకుండా మెల్లగా తిప్పుతూ లాగాను. పాత రబ్బరు రాయిలా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే వస్తుంది. ఇన్‌టేక్ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కాను.

ఇప్పుడు టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన స్థితి. స్పార్క్ ప్లగ్ తీసేశాను, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి. పెద్దదాంట్లోంచి సాకెట్‌తో క్రాంక్ తిప్పాలి, చిన్నదాంట్లోంచి గుర్తు చూడాలి. ఎడమ పక్క నుంచి చూస్తే ముందుకు తిప్పడమంటే గడియారం తిరిగే దిశకు ఎదురు దిశ. తమ్ముడు తిప్పుతున్నాడు, నేను టార్చి పట్టుకుని చూస్తున్నాను.

"అన్నా, టీ గుర్తు దాటిపోయింది. కొంచెం వెనక్కి తిప్పనా?"

"వద్దురా. మళ్లీ రెండు రౌండ్లు ముందుకే తిప్పు."

"కొంచెమేగా!"

"కొంచెమైనా సరే, ముందుకే."

టీ గుర్తు గీతకు ఎదురుగా వచ్చాక వాల్వులను నొక్కే రెండు రాకర్లూ వదులుగా ఊగాలి. అప్పుడే అది కంప్రెషన్ టీడీసీ. ఊగకపోతే ఇంకో రౌండు తిప్పాలి. ఈ స్థితిలో వాల్వు స్ప్రింగులు క్యామ్‌ను ఎటూ నెట్టవు కాబట్టి టెన్షనర్ తీసినా క్యామ్ తనంతట తాను తిరిగిపోదు.

ఇక అసలు వరస. ముందు టెన్షనర్ మధ్యలో ఉన్న క్యాప్ బోల్టు విప్పాలి. వెనక స్ప్రింగు ఉంటుంది, ఎగిరిపోకుండా చివరి మరల దగ్గర వేలితో నొక్కి పట్టుకోవాలి. స్ప్రింగు బయటికి తీశాకే రెండు పక్కల ఉన్న ఎమ్6 బోల్టులు. వరస తిరగబడితే రెండు నష్టాలు. ఒకటి, స్ప్రింగు లోపల ఉండగా బాడీని వెనక్కి లాగితే ప్లంజర్ ముందుకు దూసుకుపోయి చివరి పన్ను దాకా వచ్చేస్తుంది. అది ఇంజన్‌లో ఎక్కడ ఆగి ఉందో ఇక తెలియదు, కొలత పోయినట్టే. రెండోది ఇంకా ప్రమాదం. కొందరు పక్క బోల్టులు కాస్త వదులు చేసి, ఆయిల్ కారుతోందేమో చూసి, మళ్లీ బిగించేస్తారు. వదులు చేసిన ఆ కొద్ది క్షణాల్లో ప్లంజర్ ఒకటి రెండు పళ్లు ముందుకొచ్చి ఉంటుంది, వెనక్కి పోదు. బోల్టులు బిగించే కొద్దీ చైన్ తీగలా లాగుతుంది. చైన్, బ్లేడు, క్యామ్ కూర్చునే చోటు, మూడింటి మీదా ఆ భారం పడుతుంది. టెన్షనర్ బోల్టు వదులైతే పూర్తిగా తీసి, ప్లంజర్‌ను వెనక్కి నొక్కి, మొదటి నుంచి బిగించాల్సిందే. మధ్యే మార్గం లేదు.

బాడీ బయటికి వచ్చాక క్రాంక్‌ను ముట్టుకోకూడదు. కిక్ లివర్‌కు కాలు తగిలే అవకాశం కూడా లేకుండా బండిని మెయిన్ స్టాండ్ మీద పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచాను.

అదే సాయంత్రం: కొలత

స్ప్రింగు ముందే తీసేశాం కాబట్టి ప్లంజర్ ఇంజన్‌లో ఏ పన్ను మీద ఉందో ఆ పన్ను మీదే ఉండిపోయింది. వెర్నియర్‌తో కొలిచాను. బాడీ ముఖం నుంచి 9 మి.మీ. బయట ఉంది. కొక్కెం నొక్కి పూర్తిగా లాగి చూస్తే మొత్తం ప్రయాణం 18. అంటే సగం వాడుకుంది, సగం మిగిలింది. సాగిన చైన్ మోసుకొచ్చే లెక్క ఇది కాదు.

టెన్షనర్ పని వదులును తీసుకోవడం వరకే, సాగిన చైన్‌ను అది కురచ చేయలేదు. ప్లంజర్ చివరి పన్ను దాకా వచ్చేసి చైన్ ఇంకా వదులుగా ఉంటే, కొత్త టెన్షనర్ పెట్టినా దాని ప్రయాణమూ అంతే కాబట్టి అదీ అక్కడే ఆగుతుంది. అప్పుడు మార్చాల్సింది చైన్, దాంతో పాటు బ్లేడు. ప్లంజర్ సగంలోనే ఉండి శబ్దం వస్తుంటే తప్పు టెన్షనర్‌లో ఉంది. ఈ రెండింటినీ విడదీసేది ఆ ఒక్క కొలతే.

సరే, నా టెన్షనర్‌లో తప్పేమిటి? ప్లంజర్‌ను బల్ల మీద ఆనించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కాను. మంచి రాచెట్ రవ్వంత కూడా వెనక్కి పోకూడదు. ఇది టిక్కుమని ఒక పన్ను జారింది. ఇంకాస్త నొక్కితే ఇంకో పన్ను. భూతద్దంలో చూస్తే కొక్కెం మొన గుండ్రంగా అరిగి అద్దంలా మెరుస్తోంది. ప్లంజర్ మీద కూడా అది ఎక్కువ కాలం నిలబడిన చోట పళ్ల అంచులు మొద్దుబారాయి. మిగతా చోట్ల పదును బాగానే ఉంది. చైన్ కుదుపు వచ్చినప్పుడల్లా ప్లంజర్ ఒక పన్ను వెనక్కి జారి, స్ప్రింగు తోసినప్పుడు మళ్లీ ముందుకు వస్తోందన్నమాట. మనకు వినిపించే గరగర అదే.

స్ప్రింగు మీద తుప్పు లేదు, వంకర లేదు. ప్లంజర్ ముందు మొన బ్లేడుకు తగిలే చోట చిన్న చదును గుర్తు పడింది. అది సహజం. గుంట పడి ఉంటే మాత్రం ఆలోచించాలి.

టెన్షనర్ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే బ్లేడు వెనక భాగమే కనిపిస్తుంది. చైన్ రాసుకునే ముఖం చూడాలంటే హెడ్ విప్పాలి. అంత పనిలేకుండా తెలుసుకునే దారి ఆయిల్ జల్లెడ. ఆయిల్ వంచి, జల్లెడ తీసి తెల్ల గుడ్డ మీద దులిపాను. బ్లేడు రబ్బరు ఊడుతుంటే నల్లని పెచ్చులు ఇక్కడ దొరుకుతాయి, గోటితో నొక్కితే సాగుతాయి. గట్టిగా పొడిపొడి అయ్యేవి మామూలు కార్బన్. నాకు దొరికినవి కార్బన్ ముక్కలే. రబ్బరు దొరికి ఉంటే ఇక్కడితో ఆపి హెడ్ విప్పేవాణ్ని, ఎందుకంటే ఆ పెచ్చులు జల్లెడకు అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదు. క్యామ్‌కు ఆయిల్ అందకపోతే అసలుకే ఎసరు.

సోమవారం రాత్రి: క్యామ్ గుర్తు

ప్లంజర్ మాటను ఇంకోరకంగా కూడా సరిచూసుకోవచ్చు. హెడ్ ఎడమ పక్క గుండ్రటి కవర్ తీస్తే క్యామ్ స్ప్రాకెట్ కనిపిస్తుంది. దాని మీద ఒక గీత ఉంటుంది. కింద టీ గుర్తు సరిగ్గా ఉన్నప్పుడు, పైన ఈ గీత హెడ్ మీదున్న గుర్తుకు ఎదురుగా రావాలి. చైన్ సాగితే ముందు వైపు పొడవు పెరుగుతుంది, క్యామ్ వెనకబడుతుంది, గీత కిందో పైనో తేలుతుంది.

టెన్షనర్ బయట ఉన్నప్పుడు నేరుగా చూస్తే ఈ లెక్క తప్పు వస్తుంది. వెనక వదులంతా అటూ ఇటూ ఊగుతుంది. నున్నగా చేసిన చెక్క పుల్లతో టెన్షనర్ రంధ్రంలోంచి బ్లేడును మెల్లగా నెట్టి పట్టుకోమని తమ్ముడికి ఇచ్చాను. చైన్ కుదురుకున్నాక చూస్తే గీత ఉండాల్సిన చోటికి కొద్దిగా వెనక ఉంది. పావు పన్ను కూడా ఉండదు.

దీన్ని అంకెల్లో చూద్దాం. నా చైన్ పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 6.35 మి.మీ., అంటే పావు అంగుళం. క్రాంక్ నుంచి క్యామ్ దాకా ముందు వైపు సుమారు 220 మి.మీ. చైన్ ఒక శాతం సాగితే అక్కడ 2.2 మి.మీ. పెరుగుతుంది. అంటే మూడో వంతు పన్ను పైన, క్యామ్ దగ్గర మూడున్నర డిగ్రీల పైచిలుకు, క్రాంక్ లెక్కలో ఏడు డిగ్రీలు. వాల్వులు అంత ఆలస్యంగా తెరుచుకుంటే కింది ఆర్‌పీఎంలో బండి బరువుగా అనిపిస్తుంది. నాది అందులో ఎంతో కొంత భాగమే. ప్లంజర్ చెప్పిందీ, గీత చెప్పిందీ ఒకటే: చైన్ అరిగింది, కానీ ఇంకా పనికొస్తుంది.

నిజానికి చైన్ సాగుతుంది అంటాం గానీ ఇనుము సాగదు. ప్రతి పిన్నూ దాని బుష్షూ రవ్వంత అరుగుతాయి, ఆ రవ్వలన్నీ కలిసి పొడవు అవుతాయి. అందుకే దీనికి మందు ఏదైనా ఉందంటే అది సమయానికి మార్చిన శుభ్రమైన ఆయిలే. మసి పట్టిన ఆయిల్ సన్నని గరుకు కాగితంలా పనిచేస్తుంది.

పార్టుల కోసం ఆగిన రోజుల్లో

కొత్త టెన్షనర్ అసెంబ్లీ, దాని ప్యాకింగ్, క్యాప్ బోల్టు ఓ-రింగ్, హెడ్ పక్క కవర్ ఓ-రింగ్ చెప్పాను. ఈలోగా చాలామంది చాలా ఉపాయాలు చెప్పారు. నా అభిప్రాయం రాసి పెడతాను.

స్ప్రింగు సాగదీసి వేయడం: స్ప్రింగు పని ప్లంజర్‌ను ముందుకు తోయడం మాత్రమే. వెనక్కి రాకుండా ఆపేది కొక్కెం. కొక్కెం జారుతుంటే స్ప్రింగు ఎంత సాగదీసినా నాలుగు రోజుల ముచ్చటే. పైగా ఎక్కువ సాగదీస్తే చైన్ అవసరానికి మించి బిగుసుకుంటుంది.

క్యాప్ బోల్టు లోపల వాషర్ వేయడం కూడా ఇదే జాతి.

ప్యాకింగ్ తీసేసి టెన్షనర్‌ను అర మిల్లీమీటరు లోపలికి పంపడం: ఆయిల్ కారుతుంది, లాభం శూన్యం. ప్లంజర్‌కు 9 మి.మీ. మిగిలి ఉంటే అర మిల్లీమీటరుతో ఏం పని?

కొక్కెం మొన ఆకురాయితో పదును పెట్టడం: పై పొర మాత్రమే గట్టిగా ఉంటుంది. రాకితే లోపలి మెత్తని ఇనుము బయటపడుతుంది. దారి మధ్యలో ఇరుక్కున్న వాడికి ఇల్లు చేరడానికి పనికొస్తుందేమో.

చేత్తో బిగించే స్క్రూ టెన్షనర్ వేయడం: ఇది మాత్రం ఆలోచించదగ్గదే. జారే భాగమే ఉండదు. రేసు బండ్ల వాళ్లు ఇష్టపడేది అందుకే. చిక్కల్లా ఎంత బిగించాలనే దగ్గరే. తక్కువైతే గరగర, ఎక్కువైతే వేగం పెరిగే కొద్దీ సన్నగా ఈలలాంటి మూలుగు, బ్లేడు త్వరగా అరగడం. చల్లని ఇంజన్‌కూ వేడెక్కిన ఇంజన్‌కూ చైన్ వదులు ఒకేలా ఉండదు. చెవి మీద నమ్మకం ఉండి, తరచూ సరిచేసే ఓపిక ఉన్నవాళ్లకు సరే. రోజూ తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన రకమే మేలని నా పట్టుదల.

శుక్రవారం రాత్రి: బిగించడం

సిలిండర్ మీద పాత ప్యాకింగ్ అతుక్కుపోయి ఉంది. రంధ్రంలో గుడ్డ పెట్టి, ప్లాస్టిక్ గీకుడుతో మెల్లగా తీశాను. ఇనుప బ్లేడు వాడితే మెత్తని అల్యూమినియం మీద గీత పడుతుంది, జీవితాంతం అక్కడి నుంచి ఆయిల్ చెమ్మ. సిలికాన్ పేస్టు పూయలేదు. కొత్త ప్యాకింగ్, శుభ్రమైన ముఖం ఉంటే దాని అవసరం లేదు. ఎక్కువైన పేస్టు లోపలి వైపుకు పిండుకుని, ఊడి, వెళ్లి ఆ జల్లెడ దగ్గరే ఆగుతుంది.

కొత్త టెన్షనర్‌ను కూడా బొటనవేలి పరీక్ష పెట్టాకే తీసుకున్నాను. కదల్లేదు. కొక్కెం నొక్కి పట్టుకుని ప్లంజర్‌ను పూర్తిగా లోపలికి తోశాను. బాడీ మీద పైకి అనే బాణం గుర్తు ఉంది, అది చూసుకుని పెట్టాలి. ప్లంజర్ లోపలికి ఉన్నందున బాడీ సిలిండర్‌కు చేత్తోనే పూర్తిగా ఆనాలి. ఖాళీ మిగిలి బోల్టులతో లాగాల్సి వస్తోందంటే ప్లంజర్ బయటికి వచ్చేసిందని అర్థం, తీసి మళ్లీ నొక్కాలి.

రెండు బోల్టులూ వంతుల వారీగా బిగిస్తూ 10 న్యూటన్ మీటర్లకు తెచ్చాను. ఎమ్6 బోల్టు, అల్యూమినియం మరలు. చేతి బలం చూపించే చోటు కాదిది. ఆ తర్వాతే స్ప్రింగు, కొత్త ఓ-రింగ్‌తో క్యాప్ బోల్టు. స్ప్రింగును లోపలికి నొక్కుతుంటే ప్లంజర్ ముందుకు నడుస్తూ టిక్, టిక్, టిక్. వినడానికి బలే ఉంటుంది. శబ్దం రాకపోతే ప్లంజర్ ఎక్కడో పట్టేసిందన్నమాట, ముందుకు పోకూడదు.

స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ను సాకెట్‌తో ముందుకు నాలుగైదు రౌండ్లు తిప్పించాను. కనీసం రెండు రౌండ్లు ఎందుకంటే క్రాంక్ రెండు తిరిగితేనే క్యామ్ ఒకటి పూర్తవుతుంది. ఎక్కడైనా ఇనుము ఇనుముకు తగిలినట్టు గట్టిగా ఆగితే అక్కడే ఆపేయాలి, బలవంతం చేయకూడదు. ఆగలేదు. టీ గుర్తు, క్యామ్ గీత మళ్లీ చూసుకున్నాం. ఈసారి పుల్ల అక్కర్లేదు, టెన్షనరే చైన్‌ను పట్టుకుంది. గీత ముందు చూసిన చోటే ఉంది. కొత్త టెన్షనర్ వల్ల గీత ముందుకు జరుగుతుందని తమ్ముడు ఆశపడ్డాడు.

"అది చైన్ మారిస్తేనే రా. ఇది వెనక వదులునే పడుతుంది."

శనివారం పొద్దున: స్టార్ట్

కార్బరేటర్, ప్లగ్, కొత్త ఆయిల్. ఇగ్నిషన్ ఆపి మెల్లగా కొన్ని కిక్కులు కొట్టాను, ఆయిల్ పైకి చేరాలి కదా. తర్వాత స్టార్ట్. మొదటి క్షణం నుంచే గరగర లేదు. 1400 దగ్గర ఐడ్లింగ్ స్థిరంగా ఉంది. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే, ముందు గరగర వచ్చే చోట ఇప్పుడు ఎగ్జాస్ట్ శబ్దమే. స్క్రూ డ్రైవర్ మళ్లీ చెవికి ఆనించాను. సిలిండర్ వెనక సన్నని జర్రుమనే శబ్దం ఉంది, చైన్ బ్లేడు మీద జారే చప్పుడు. అది ఉండాలి. పైన సన్నగా టిక్ టిక్. టాపెట్లకు ఆ కాస్త గ్యాప్ ఉంటే ఆ కాస్త చప్పుడు తప్పదు. చప్పుడు అసలు లేకుండా టాపెట్ బిగించిన బండి కన్నా ఇదే నయం, అలా బిగిస్తే వాల్వు కాలుతుంది.

కార్బరేటర్ తీసి పెట్టాం కాబట్టి ఇన్సులేటర్ దగ్గర గాలి పీలుస్తోందేమో కూడా చూడాలి. పీలిస్తే ఐడ్లింగ్ ఊగుతుంది, యాక్సిలరేటర్ వదిలాక ఆర్‌పీఎం ఆలస్యంగా దిగుతుంది. అలాంటిదేమీ లేదు. బండి నడిపి, ఇంజన్ బాగా వేడెక్కి, మళ్లీ పూర్తిగా చల్లారాక టెన్షనర్ చుట్టూ తెల్ల కాగితం తుడిచి చూశాను. పొడిగా వచ్చింది.

పుస్తకంలో రాసుకున్నవి

పాత ప్లంజర్: 18లో 9 మి.మీ., రాచెట్ జారింది. క్యామ్ గీత: పావు పన్ను లోపు వెనక. జల్లెడ: రబ్బరు లేదు. వీటి పక్కన ఓడోమీటర్ అంకె. ఈ అంకె లేకపోతే పైవి ఎందుకూ పనికిరావు, ఎందుకంటే మళ్లీ కొలిచినప్పుడు ఎంత దూరానికి ఎంత పెరిగిందో తెలియాలి.

ఇక మీద ఆయిల్ మార్చిన ప్రతిసారీ జల్లెడ చూస్తాను. ప్లంజర్ కోసం ప్రత్యేకంగా విప్పను. అలా విప్పితే ప్రతిసారీ ప్యాకింగ్ మార్చాలి, మరలు అరుగుతాయి. కార్బరేటర్ ఎలాగూ తీసిన రోజు చూస్తాను. 14 మి.మీ. దాటి కనిపిస్తే చైన్, వెనక బ్లేడు, ముందు గైడ్, క్యామ్ స్ప్రాకెట్ కలిపి ఒకేసారి. నా ఇంజన్‌లో అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేయడం నాకు నచ్చని పని. ఆ పనికి మాగ్నెట్ రోటర్ ఊడాలి, దానికి పుల్లర్ కావాలి. రోటర్ మీద మర బయటా లోపలా, కుడా ఎడమా అనేది బండిని బట్టి మారుతుంది. అందుకే మాగ్నెట్ కవర్ మళ్లీ తీసినప్పుడు వెర్నియర్‌తో వ్యాసం, మర గేజ్‌తో పిచ్ కొలిచి, ఆ తర్వాతే పుల్లర్ తెప్పించాలి.